ఆర్‌సీ కారు పదికాలాలు నడవాలంటే: తక్కువ ఖర్చుతో, తక్కువ చెత్తతో

శ్రీకాకుళంలో ఉండి ఆర్‌సీ కారు, అంటే రిమోటుతో నడిచే చిన్న కారు, నడిపేవారికి ఒక సంగతి త్వరగానే బోధపడుతుంది. పళ్లు అరిగిన గేరుకు బదులు కొత్తది కావాలంటే హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో కొరియరులో తెప్పించుకోవాలి. ఆ చిన్న ముక్క ధరకన్నా దాన్ని మోసుకొచ్చిన ఖర్చే ఒక్కోసారి ఎక్కువవుతుంది. అందువల్ల ఇక్కడ పొదుపు, పర్యావరణం రెండూ ఒకే దారిలో నడుస్తాయి. ఉన్న భాగాన్ని మరో ఏడాది నడిపించగలిగితే డబ్బూ మిగులుతుంది, చెత్తకుప్పలోకి వెళ్లే ప్లాస్టిక్కూ తగ్గుతుంది. ఈ పనిలో చాలావరకు ఇంట్లోను, వీధి చివరి దుకాణాల్లోను దొరికే వస్తువులతోనే జరిగిపోతుంది. ఒక్క బ్యాటరీ, ఛార్జరు విషయంలో మాత్రం సొంత ప్రయోగాలు పనికిరావు. ఆ సంగతి తరువాత వివరంగా చెబుతాను.

దుమ్ము, ఇసుక, ఉప్పు

మన ఎర్రమట్టి ధూళి చాలా సన్ననిది. వేసవిలో నాగావళి నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడినప్పుడు కారు నడపడానికి అంతకన్నా మంచి చోటు కనిపించదు గాని, ఆ ఇసుక రేణువు ఇనుముకన్నా గట్టిది కనుక బేరింగులోకి చేరితే లోపల గరుకు కాగితంలా పనిచేస్తుంది. అందుచేత ప్రతి పరుగు తరువాత, కారు ఇంకా పొడిగా ఉండగానే, మెత్తని పెయింటు కుంచెతో పై నుంచి కిందికి దుమ్ము దులపాలి. మోటారు చుట్టూ, స్టీరింగు కీళ్ల దగ్గర, సస్పెన్షన్ చేతుల మూలల్లో పాత టూత్‌బ్రష్ చక్కగా దూరుతుంది. కంప్రెస్డ్ గాలి డబ్బాలు కొనవలసిన అవసరం లేదు. సైకిలు పంపు ఆ పని చేస్తుంది, ఖాళీ డబ్బా చెత్తగా మిగలదు. గాలిని బేరింగు మీదికి నేరుగా కొడితే ధూళి లోపలికే పోతుంది కనుక పక్కవాటుగా కొట్టడం మంచిది.

టైర్ల గాడుల్లో ఇరుక్కున్న మట్టిని కొబ్బరి పీచుతో రుద్దితే పోతుంది. కొబ్బరితోటల ఉద్దానం ఉన్న జిల్లాలో పీచుకు కొదవలేదు. అయితే అదే పీచును కారు బాడీ మీద వాడకూడదు, పాలీకార్బనేటు అనే ఆ ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. గిన్నెలు తోమే బూడిద విషయమూ అంతే. బాడీకి పాత నూలు గుడ్డ, కుంకుడు రసం చాలు. నాలుగు కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, వడకట్టిన నీటిలో గుడ్డ ముంచి తుడిస్తే జిడ్డు, మట్టి రెండూ వదులుతాయి, కడిగిన నీరు మొక్కలకు పోసినా బెంగ లేదు. కళ్లలో పడితే మాత్రం చిన్నప్పటి తలంటు గుర్తుకొస్తుంది. ఎలక్ట్రానిక్ భాగాలకు, మోటారుకు ఏ నీరూ తగలనివ్వవద్దు. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే అసిటోను పాలీకార్బనేటును పగుళ్లు తీయిస్తాయి కనుక బాడీ దరిదాపులకు తేవద్దు. గుడ్డకు వస్తే, బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పొందూరు ఖద్దరు పంచె ముక్కను మించినది నాకు కనబడలేదు; పంచె చిరిగిన తరువాతే సుమా.

సముద్రతీరం గురించి ఒక మాట. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర తడి ఇసుక మీద కారు ఎంత హాయిగా పరుగెడుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఒక ఆదివారం నేనూ ఆ తప్పు చేశాను. ఇంటికి వచ్చి పైపైన తుడిచి అలమరలో పెట్టేశాను. మరుసటి ఆదివారం తీసేసరికి వెనక చక్రాల బేరింగులు తిరగనే లేదు, మరల తలలన్నీ ఎర్రబడ్డాయి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక కారు ఆరినట్టు కనిపించినా లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. తీరానికి వెళ్లకపోవడమే అన్నిటికన్నా చవకైన ఉపాయం. వెళ్లక తప్పదనుకుంటే ఆ రాత్రే బ్యాటరీ, రిమోటు సంకేతాలు అందుకునే రిసీవరు, స్టీరింగు తిప్పే సర్వో, మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ, మోటారు తీసేసి, మిగతా చట్రాన్ని బకెట్టు మంచినీటిలో ముంచి కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, బేరింగులన్నీ విప్పి నూనె వేయాలి. పెట్టె మీద నీటిని తట్టుకుంటుందని రాసి ఉన్నా ఆ మాట సాధారణంగా ఎలక్ట్రానిక్ భాగాలకే వర్తిస్తుంది, బేరింగులకు కాదు.

బేరింగులు

కొత్తవాళ్లు ఎక్కువగా పారవేసేవి ఇవే, నిజానికి ఎక్కువగా బతికించగలిగేవీ ఇవే. చక్రం వేలితో తిప్పినప్పుడు గరగరమని శబ్దం వచ్చినా, త్వరగా ఆగిపోయినా బేరింగు మురికిపట్టిందని అర్థం. దాన్ని బయటికి తీసి, రబ్బరు మూత ఉన్న రకమైతే సూదిమొనతో మూత అంచును నెమ్మదిగా లేపండి. మూత వంగకుండా చూసుకుంటే మళ్లీ అదే పెట్టవచ్చు. చిన్న గాజు సీసాలో కొద్దిగా కిరోసిన్ గాని, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గాని పోసి, బేరింగు వేసి, మూత బిగించి ఒక నిమిషం ఆడించండి. బయటికి తీసి, ఆరనిచ్చి, వేలి మీద తిప్పి చూడండి. నున్నగా తిరిగితే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి మూత పెట్టేయండి. అప్పటికీ గరుకుగానే ఉంటే లోపలి గోళీలు గుంటలు పడ్డాయన్నమాట, ఇక మార్చవలసిందే. ఈ పని పొయ్యికి, అగరుబత్తికి దూరంగా, కిటికీ తెరిచి చేయాలి.

సీసాలోని కిరోసిన్‌ను పారబోయకండి. ఒక రోజు కదపకుండా ఉంచితే మురికి అడుగుకు చేరుతుంది. పైన తేరుకున్నదాన్ని మరో సీసాలోకి వంచుకుని ఎన్నోసార్లు వాడవచ్చు. అడుగున మిగిలిన మడ్డిని మురుగుకాలువలో పోస్తే అది చివరికి ఏ చెరువుకో నాగావళికో చేరుతుంది. దాన్ని రంపపు పొట్టులో ఇంకించి, ఇంట్లోని పాత పెయింటు డబ్బాలు, మందుల సీసాల వంటి ప్రమాదకర చెత్తతో కలిపి విడిగా ఇవ్వాలి.

కొబ్బరినూనె వేస్తే సరిపోతుందని మన ఇళ్లలో ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. అది సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగటగా మారి ధూళిని పట్టుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా బేరింగులోని గ్రీజును కడిగేస్తాయే గాని, దాని స్థానంలో నిలవవు.

మార్చవలసి వచ్చినప్పుడు కారు కంపెనీ పేరుతో ఉన్న సెట్టునే కొనాలని లేదు. బేరింగుకు కొలతే ప్రధానం. అసలు కారులో పదోవంతు సైజుండే 1:10 కార్లలో తరచు కనిపించే 5×11×4 మి.మీ. బేరింగును ఎంఆర్ 115 అనీ, 10×15×4 మి.మీ. బేరింగును 6700 అనీ అంటారు. పాతదాన్ని చేతిలో పట్టుకుని బేరింగుల దుకాణంలో ఈ నంబరుతో అడిగితే, కావలసిన రెండింటిని మాత్రమే కొనుక్కోవచ్చు.

బ్యాటరీ, ఛార్జరు

ఇక్కడ మిగుల్చుకునే డబ్బు ఛార్జరు ధర తగ్గించుకోవడంలో లేదు, ప్యాకును ఎక్కువకాలం బతికించుకోవడంలో ఉంది. లైపో (లిథియం పాలిమర్) ప్యాకులో ఒక్కో సెల్లు నామమాత్రపు వోల్టేజి 3.7, పూర్తిగా ఛార్జయితే 4.2 వోల్టులు. 3.0 వోల్టుల కిందికి దిగితే సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది, అందుకే 3.5 చుట్టుపక్కలకు రాగానే పరుగు ఆపడం మంచి అలవాటు. సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరు, వోల్టేజి పడిపోగానే కూత పెట్టే చిన్న అలారం, ఈ రెండింటి మీద పెట్టిన ఖర్చు రెండో ప్యాకు కొనవలసిన అవసరాన్ని వాయిదా వేస్తుంది. 5000 ఎంఏహెచ్ ప్యాకును 5 ఆంపియర్ల వద్ద, అంటే సుమారు గంటలో నిండే 1సీ వేగంతో ఛార్జి చేయండి. వేగం పెంచితే మిగిలేది అరగంట, తగ్గేది ప్యాకు ఆయుష్షు.

పరుగు ముగిసిన వెంటనే వేడిగా ఉన్న ప్యాకును ఛార్జింగుకు పెట్టకూడదు, చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో ప్యాకును వదిలి వెళ్లడం దాన్ని చేజేతులా చంపుకోవడమే. వారం పైగా వాడకపోతే ఒక్కో సెల్లును సుమారు 3.8 వోల్టుల వద్ద ఉంచాలి. మంచి ఛార్జర్లలో దీనికి స్టోరేజి అనే ఎంపిక ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చి కరెంటు పోతుందేమోనని అన్ని ప్యాకులనూ నిండుగా నింపి పెట్టేవారిని చూశాను. ఫోనుకు ఆ జాగ్రత్త సరే గాని, లైపోను నిండుగా పది రోజులు ఉంచితే ఉబ్బడానికి అవకాశం పెరుగుతుంది.

ఛార్జి చేసేటప్పుడు పరుపు మీద, ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టకండి. మొక్క చచ్చిపోయి ఖాళీగా ఉన్న మట్టి కుండీ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. పక్కన పొడి ఇసుక బకెట్టు ఉంచుకుని, పని అయ్యేదాకా దగ్గరలోనే ఉండండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి, అందులోని సెల్లులతో ప్యాకు కట్టుకోవడాన్ని పొదుపుగా చెప్పేవారున్నారు. వేర్వేరు వయసుల సెల్లులు ఒకే ప్యాకులో సమంగా ఖాళీ కావు, కారు మోటారు లాగే కరెంటుకు అవి తగినవీ కావు. నేను దీన్ని ఎవరికీ సిఫారసు చేయను. పిల్లల కారైతే ఆరు సెల్లుల 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకు మొరటుతనాన్ని ఎక్కువగా తట్టుకుంటుంది. రెంటినీ మార్చి వాడేవారు ఈఎస్‌సీలోని బ్యాటరీ రకం సెట్టింగును కూడా మార్చడం మరచిపోకూడదు.

ఉబ్బిన ప్యాకును గుచ్చకూడదు, నొక్కకూడదు, ఛార్జి చేయకూడదు. ఆరుబయట, మంటకు అందే వస్తువులు లేని చోట, మోటారుసైకిలు ఇండికేటరుకు వాడే 12 వోల్టుల బల్బును రెండు సెల్లుల ప్యాకుకు తగిలించి, వెలుగు పూర్తిగా ఆరేదాకా ఛార్జి దించాలి. ఉప్పునీటిలో పడేసే పద్ధతి ప్రచారంలో ఉంది గాని, ముందుగా తీగలే తుప్పు పట్టి తెగిపోతే లోపలి శక్తి అలాగే మిగిలిపోవచ్చు, ఆ నీరు కూడా కలుషితమవుతుంది. తరువాత కొనలకు టేపు చుట్టి, బ్యాటరీ వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం వినియోగదారుని బాధ్యత. రిమోటులో వేసే పెన్‌సెల్లుల స్థానంలో రీఛార్జబుల్ సెల్లులు వాడితే ఈ చెత్త మొదలే తగ్గుతుంది.

గేర్లు, మరలు, బాడీ

మోటారుకు ఉండే చిన్న గేరు పినియను, అది తిప్పే పెద్ద గేరు స్పర్. ఈ పినియను, స్పర్ గేరు మధ్య సందు సరిగా లేకపోవడమే గేర్లు అరగడానికి ముఖ్య కారణం. నోటుపుస్తకం కాగితాన్ని సన్నగా చింపి రెండింటి మధ్య పెట్టి, గేర్లను దగ్గరకు నొక్కి మోటారు మరలు బిగించండి. కాగితాన్ని తిప్పి బయటికి తీస్తే అది చిరగకుండా మడతలు పడి రావాలి. బయటికి కనిపించే ప్లాస్టిక్ గేరుకు గ్రీజు పూయవద్దు, ధూళి అంటుకుని పళ్లను అరగదీస్తుంది. స్పర్ గేరు మార్చేటప్పుడు పినియను పళ్లు కొక్కేల్లా వంగాయేమో చూడండి. వంగి ఉంటే కొత్త స్పర్‌నూ అది తినేస్తుంది. షాకుల్లో, అంటే కుదుపులు తట్టుకునే షాక్ అబ్జార్బర్లలో, ఇంజన్ ఆయిలు పోయడం మరో తప్పుడు పొదుపు. సిలికాన్ రబ్బరు రింగులు అందులో ఉబ్బుతాయి కనుక, చిన్న సీసా సిలికాన్ నూనె కొనడమే మేలు.

లోహంలోకి బిగించే మరలు వదులవకుండా ఇంట్లో మిగిలిన గోళ్ల రంగు ఒక చుక్క చాలు. ప్లాస్టిక్‌లోని రంధ్రం మర పట్టకుండా అరిగిపోతే, పాత కేబుల్ టై నుంచి సన్నని ముక్క కోసి రంధ్రంలో పెట్టి బిగించండి. నైలాన్ సస్పెన్షన్ చేతులు కొత్తగా పెళుసుగా ఉంటాయి. పది పదిహేను నిమిషాలు మరిగే నీటిలో ఉంచితే నైలాను నీటిని పీల్చుకుని గట్టి దెబ్బకు విరగకుండా వంగుతుంది. దీనికి వంటగిన్నె కాక వేరే పాతగిన్నె వాడాలి, ఆ షరతు మా ఇంట్లో ఒకసారి గట్టిగానే వినిపించింది.

బాడీ పగిలితే పగులు కొసన చిన్న గుండ్రని రంధ్రం చేస్తే అది ముందుకు పాకదు. తరువాత పగులుకు ఇరువైపులా సన్నని రంధ్రాలు పెట్టి, మత్స్యకారులు గాలానికి వాడే నైలాను దారంతో కుట్టేయండి. చూడటానికి చిరుగుబొంతలా ఉంటుంది గాని, దెబ్బలకు బాగా ఆగుతుంది.

టైర్లు, నిల్వ

మట్టికోసం చేసిన టైర్లు తారురోడ్డు మీద చాలా త్వరగా అరుగుతాయి. గాడులు పోయిన టైర్లను పారవేయక రోడ్డు కోసం దాచుకుంటే, కొత్తవి మట్టి మీదే వాడుకోవచ్చు. సైకిలు షాపులో పారేసే ట్యూబును వలయాలుగా కోస్తే బ్యాటరీ కదలకుండా పట్టే బ్యాండులవుతాయి, చిన్నపిల్లల పాత సాక్సు ముక్కలు షాకుల మీద దుమ్ము తొడుగులవుతాయి.

వర్షాకాలంలో కారును మూత పెట్టె లోపల, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలతో ఉంచండి. చట్రం కింద సగం ఇటుక పెట్టి చక్రాలు నేలకు తగలకుండా లేపితే టైర్లు ఒకవైపు చదునవవు, షాకుల స్ప్రింగుల మీద బరువు పడదు. బ్యాటరీ మాత్రం ఆ పెట్టెలో ఉండకూడదు.