డిపాజిట్ కట్టే ముందు: విదేశాల్లో పీజీకి యూనివర్సిటీ ఎంచుకునే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు జాగ్రత్తలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ముమ్మరంగా వచ్చే రోజుల్లోనే మా విద్యార్థుల ఫోన్లకు విదేశీ యూనివర్సిటీల ఆఫర్ లెటర్లు కూడా వస్తుంటాయి. ధర నచ్చని రైతు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి కొన్నాళ్లు ఆగుతాడు. పిల్లలు మాత్రం ఆగడం లేదు. "శుక్రవారంలోగా డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుంది" అని ఎవరో చెప్పగానే ఇంటికి ఫోన్ చేస్తారు, నాన్న వడ్డీకి తెచ్చి పంపిస్తాడు. హనుమకొండలో ఇంజినీరింగ్ పాఠాలు చెబుతూ, రికమండేషన్ లెటర్లు రాసిస్తూ ఏటా ఇది చూస్తున్నాను. ఈసారి సీజన్ మొదలయ్యేలోపే చెప్పాలనుకున్నాను. ఏ దేశమైనా, ఏ యూనివర్సిటీ అయినా, బ్యాంకులో సంతకం పెట్టబోయే అమ్మకో నాన్నకో లెక్కంతా అర్థమయ్యే వరకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ముందుగా ఆ శుక్రవారం గడువు ఎవరు పెట్టారో చూడండి. యూనివర్సిటీ పెట్టినదైతే ఆఫర్ లెటర్‌లోనో, మీ అప్లికేషన్ పోర్టల్‌లోనో రాసి ఉంటుంది. అక్కడ లేకపోతే అది కన్సల్టెన్సీ పెట్టిన గడువు. చాలామంది పిల్లల దగ్గర తమ అప్లికేషన్ పాస్‌వర్డ్ కూడా ఉండదు. మెయిల్ ఐడీ కన్సల్టెన్సీ వాళ్లే తెరుస్తారు, ఉత్తరాలన్నీ వాళ్లకే వెళ్తాయి. ఈరోజే ఆ పాస్‌వర్డ్ తీసుకుని మార్చుకోండి. విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోకుండా సేవ చేసే కన్సల్టెన్సీలకు ఆదాయం ఎక్కువగా యూనివర్సిటీలు ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది. అది తప్పేమీ కాదు. కానీ ఒప్పందం లేని యూనివర్సిటీ గురించి వాళ్లు మీకు చెప్పాల్సిన అవసరం ఉండదు. జర్మనీలో ఫీజు దాదాపు లేని ప్రభుత్వ యూనివర్సిటీలు ఉండగా, మన పిల్లల చేతికి ప్రైవేటు యూనివర్సిటీల పేర్లు ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు ఆలోచించండి.

అసిస్టెంట్‌షిప్‌తోనో ఫెలోషిప్‌తోనో, అంటే యూనివర్సిటీయే ఇచ్చే ఆర్థిక సాయంతో, ఆఫర్ వచ్చినవాళ్లు ఒక తేదీ గుర్తుంచుకోవాలి. అమెరికాలోని చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు తమలో తాము చేసుకున్న ఒప్పందం ప్రకారం అలాంటి ఆఫర్‌పై ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని విద్యార్థిని బలవంతం చేయకూడదు. అప్పటిదాకా మిగతా జవాబుల కోసం ఎదురుచూడవచ్చు.

అసలు ఉందా, లేదా?

2011 జనవరిలో కాలిఫోర్నియాలో వీసాల కోసమే నడిచిన నకిలీ సంస్థ ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై అధికారులు దాడి చేశారు. అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు బిగించారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వంతు వచ్చింది. వీసా మోసాలను పట్టుకోవడానికి వలగా దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవారు లేరు. అయినా దానికి గుర్తింపు ఉన్నట్టే కనిపించింది. అందుకే జాబితాలో పేరు చూసి తృప్తి పడవద్దు. గుర్తింపు ఉందో లేదో అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లో చూడటం మొదటి మెట్టు మాత్రమే. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ దొరుకుతోందా, పాఠం చెప్పే ప్రొఫెసర్లకు సొంత పేజీలు, పరిశోధన పత్రాలు ఉన్నాయా, ప్రస్తుతం చదువుతున్నవాళ్లలో ఇద్దరైనా మీతో వీడియో కాల్‌లో మాట్లాడతారా చూడండి. "క్లాసుకు రానక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు" అన్న మాట వినిపిస్తే అక్కడికక్కడే ఆపేయండి.

ఇంకో విషయం చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసాల లాటరీలో మామూలు 65,000 వీసాలకు తోడు అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000 ఉన్నాయి. ఆ 20,000లో చోటు కావాలంటే చదివిన సంస్థ ప్రభుత్వానిదో, లాభాపేక్ష లేనిదో అయి ఉండాలి, గుర్తింపూ ఉండాలి. లాభం కోసం నడిచే సంస్థలో తీసుకున్న డిగ్రీ దానికి పనికిరాదు.

కోర్సు పేరు కాదు, కోడ్ చూడండి

అమెరికా విద్యార్థి వీసా అయిన ఎఫ్-1పై చదివినవాళ్లకు ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు తమ రంగంలో ఉద్యోగం చేసుకునే వీలుంటుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సయితే మరో 24 నెలలు. ఆ తేడాను నిర్ణయించేది కోర్సు పేరు కాదు, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఉండే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ రకమో చెప్పే అంకె. 52.0201 అని ఉంటే అది బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, స్టెమ్ కాదు. 52.1301 అని ఉంటే మేనేజ్‌మెంట్ సైన్స్, స్టెమ్ కిందికి వస్తుంది. ఒకే రకం పాఠాలు చెప్పే రెండు యూనివర్సిటీలు రెండు వేర్వేరు కోడ్‌లు పెట్టుకోవచ్చు. డిపాజిట్‌కు ముందే "మీ కోర్సు సీఐపీ కోడ్ ఎంత?" అని ఒక్క మెయిల్ రాయండి. మొదటి 12 నెలల ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదన్న నిబంధనా ఉంది. కాబట్టి చుట్టుపక్కల మీ రంగంలో ఉద్యోగాలిచ్చే ఊరేనా అన్నది కూడా ర్యాంకుతో సమానంగా చూడాలి. ర్యాంకు అంటే యూనివర్సిటీ మొత్తానికి ఇచ్చినది కాదు, మీ డిపార్ట్‌మెంట్‌ది.

లెక్క

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. రెండు యూనివర్సిటీల ఐ-20లు తెచ్చింది. ఒకదానిలో ఖర్చు 30,000 డాలర్లు, రెండోదానిలో 33,000. "మొదటిదే చవక కదా సార్" అన్నాడు ఆయన. ఖర్చుల గడి పైన చిన్న అక్షరాల్లో ఉన్న నెలల సంఖ్యపై వేలు పెట్టి చూపించాను. మొదటిది 9 నెలలకు వేసిన అంచనా, రెండోది 12 నెలలకు. ఆయన చొక్కా జేబులోంచి మిర్చి అమ్మిన తక్‌పట్టీ తీసి దాని వెనక రాయడం మొదలుపెట్టాడు.

మొదటి యూనివర్సిటీలో డిగ్రీకి 36 క్రెడిట్లు, ఒక్కోదానికి 1,000 డాలర్లు. అంటే 36,000. రెండోదానిలో 30 క్రెడిట్లు, ఒక్కోటి 900, మొత్తం 27,000. రెండు ఊళ్లలోనూ ఇల్లు, తిండికి నెలకు 1,200 చొప్పున వేసుకున్నాం. మొదటిదానిలో నాలుగు సెమిస్టర్లు, అంటే ఆగస్టు నుంచి ఎండాకాలం సెలవులతో కలిపి రెండో ఏడు మే వరకు 21 నెలలు, 25,200. రెండోదానిలో మూడు సెమిస్టర్లే, 16 నెలలు, 19,200. కలిపితే ఒకటి 61,200, ఇంకోటి 46,200. ఇన్సూరెన్స్ కలపకముందే 15,000 డాలర్ల తేడా. మన లెక్కలో పన్నెండున్నర లక్షలకు పైమాటే. చవక అనుకున్నదే ఖరీదైనదని తేలింది. ఈ లెక్కకు ఎవరి సలహా అక్కర్లేదు, అంకెలన్నీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. పార్ట్‌టైమ్ సంపాదనను మాత్రం ఆదాయం వరుసలో రాయకండి. ఎఫ్-1 విద్యార్థి సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి, ఆ పని దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

అప్పు సంగతి. మన దగ్గర ఆస్తి అంటే ముందు గుర్తొచ్చేది పొలం. కానీ తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండా స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందువల్ల విద్యారుణానికి పొలాన్ని తనఖాగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. నాలుగెకరాలు ఉన్నాయన్న ధీమాతో డిపాజిట్ కట్టి, తర్వాత బ్యాంకులో ఈ మాట విన్న ఇళ్లు నాకు తెలుసు. ఊళ్లో ఇల్లు గ్రామకంఠంలో ఉండి రిజిస్టర్ కాగితాలు లేకపోతే అదీ కుదరదు. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ప్లాటు ఉంటే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తిపై ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి, బ్యాంకు లాయరు అభిప్రాయం వచ్చేసరికి వారాలు గడుస్తాయి. అడ్మిషన్ రాకముందే బ్యాంకుకు వెళ్లి అడగండి. తనఖా లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థల వడ్డీ ఎక్కువ. 40 లక్షలకు 11 శాతం చొప్పున ఏడాదికి వడ్డీయే 4 లక్షల 40 వేలు. కిస్తీలు చదువు అయ్యాకే మొదలైనా, వడ్డీ మాత్రం డబ్బు ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంది.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పథకం, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల వరకు సాయం ఉంది. అర్హత ఉంటే తప్పక దరఖాస్తు చేయండి. అయితే డబ్బు రెండు విడతలుగా, అదీ అక్కడికి చేరాకే వస్తుంది. మొదటి సెమిస్టర్ ఫీజుకు దాన్ని నమ్ముకోవద్దు. వీసా కోసం బ్యాంకు బ్యాలెన్స్ ఎక్కువ చేసి చూపిస్తామని ఎవరైనా అంటే అసలే ఒప్పుకోకండి. తప్పుడు పత్రాలు పెట్టారని తేలితే అమెరికాలో ఇక జీవితాంతం అడుగు పెట్టలేని పరిస్థితి రావచ్చు.

మిగతా దేశాలు

జర్మనీకి వెళ్లాలంటే మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి ముందు నుంచే దరఖాస్తు పెట్టాలి. అన్ని ప్రభుత్వ యూనివర్సిటీలూ ఉచితం కాదు: బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మన విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు ఫీజు తీసుకుంటోంది. బ్రిటన్‌లో ఏడాదిలో చదువు అయిపోతుంది, కానీ తర్వాత ఉండనిచ్చే గడువును రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది వర్తిస్తుంది. ఇప్పుడు చేరేవాళ్లు ఆ 18 నెలలే లెక్కలో వేసుకోండి. కెనడాలో ప్రతి కాలేజీ కోర్సుకూ వర్క్ పర్మిట్ రాదు, పేరు పెట్టి అడగండి. కాకతీయ యూనివర్సిటీలో మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లు అమెరికాకు దరఖాస్తు రుసుము కట్టే ముందే మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారా అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చాలాచోట్ల పదహారేళ్ల చదువు అడుగుతారు.

డిపాజిట్ కట్టే రోజు

వీసా రాకపోతే డిపాజిట్ తిరిగి ఇస్తారా, ఎన్ని రోజుల్లో, ఎంత మినహాయించి? ఈ మూడింటికీ జవాబు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వెతికి, దొరికిన పేజీని సేవ్ చేసుకోండి. డబ్బు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే వెళ్లాలి, మధ్యవర్తి ఖాతాకు కాదు. వద్దనుకున్న యూనివర్సిటీలకు రెండు వాక్యాల మెయిల్ పంపితే, వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి ఆ సీటు వెళ్తుంది.

సర్టిఫికెట్లు, ఐ-20, ఫీజు రశీదులు అన్నీ స్కాన్ చేసి ఒక ప్రతి అమ్మ దగ్గర ఉంచండి. ప్లాటు కాగితాలు బ్యాంకుకు ఇచ్చినప్పుడు ఏయే పత్రాలు తీసుకున్నారో రాసి, ముద్ర వేసి ఇచ్చే జాబితా తప్పకుండా అడగండి. అది కూడా ఆ కవర్లోనే ఉండాలి.