లండన్ పాత మరణ పట్టికను చదవడం ఎలా: చెన్నైలోని తెలుగు విద్యార్థుల కోసం

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు ప్రజలు ఏ కారణాలతో చనిపోయేవారో, వారికి ఎటువంటి చికిత్స జరిగేదో తెలుసుకోగోరేవారికి లండన్ నగరపు మరణ పట్టికలు అందుబాటులో ఉన్న గొప్ప ఆధారం. చెన్నై కళాశాలల్లో చరిత్ర చదువుతున్న తెలుగు విద్యార్థులూ, పాతకాలపు వైద్యం గురించి తెలుగులో వ్యాసాలు రాసేవారూ వీటిని ఇంట్లో కూర్చునే అంతర్జాలంలో చూడవచ్చు. అయితే చదివే పద్ధతి తెలియనివారు రెండు విధాలుగా దారి తప్పుతుంటారు. కొందరు వింత పేర్లను చూసి నవ్వుకుని వదిలేస్తారు. మరికొందరు ప్రతి పేరుకూ నేటి జబ్బు పేరు ఒకటి అంటగట్టి, పని పూర్తయిందనుకుంటారు. పట్టికలోని ప్రతి మాటా శవం పక్కన నిలబడిన ఒక మనిషి చూసి చెప్పిన సాక్ష్యం కాబట్టి, దానిని సాక్ష్యంగానే చదవాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయం.

సాధన కోసం 1632 సంవత్సరపు వార్షిక పట్టికను ఎంచుకోండి. ఆ ఏడు లండన్‌లో ప్లేగు మరణాలు ఎనిమిది మాత్రమే కావడం వల్ల, మామూలు సంవత్సరంలో నగరం ఎలా ఉండేదో అందులో కనిపిస్తుంది. మొత్తం ఖననాలు 9,535, బాప్తిస్మాలు 9,584. కారణాల వరుస అరవై దాటుతుంది. వైద్య నిఘంటువును అప్పుడే తెరవకండి; ఆ కాగితాన్ని ఎవరు, ఎందుకు తయారుచేశారో ముందు తెలుసుకోండి.

లండన్‌లో 1603 చివరి నుంచి ఈ పట్టికలు వారం వారం క్రమం తప్పకుండా వెలువడ్డాయి. 1629 నుంచి వాటిలో అన్ని మరణ కారణాలూ చోటుచేసుకున్నాయి, వయసుల వివరాలు మాత్రం 1728 దాకా చేరలేదు. ఎవరైనా చనిపోయారని తెలియగానే, పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) నియమించిన వృద్ధ స్త్రీలు ఆ ఇంటికి వెళ్ళి శవాన్ని చూసి, ఇంటివారిని అడిగి, కారణాన్ని పారిష్ గుమాస్తాకు చెప్పేవారు. వీరిలో చాలామంది పేదరాళ్ళు, వైద్య శిక్షణ లేనివారు. గుమాస్తాల సంఘం ఆ లెక్కలన్నీ కూడి గురువారం నాడు అచ్చువేసి అమ్మేది. ఎక్కడ ప్లేగు పెరుగుతోందో, ఊరు విడిచి వెళ్ళాలో వద్దో తేల్చుకోవడానికి జనం వాటిని కొనేవారు. ఇవి చర్చి ఖననాల లెక్కలే తప్ప మరణాలన్నిటి లెక్కలు కావు. క్వేకర్లు అనే వేరు క్రైస్తవ శాఖవారు, యూదులు వంటి వారు తమ సొంత శ్మశానాల్లో పాతిపెట్టినవారు వీటిలోకి రారు.

ఇక పట్టికను అక్షర క్రమంలో కాకుండా, చూసిన మనిషి దృష్టితో విడదీయండి. కొన్ని పద్దులు వయసును చెబుతాయి: నెల లోపు పసికందులు, పళ్ళు వచ్చే ప్రాయపు బిడ్డలు, ముసలివారు. కొన్ని శరీరంపై కనిపించినదాన్ని చెబుతాయి: వాపు, కామెర్లు, ఊదారంగు మచ్చలతో జ్వరం. మరికొన్ని జరిగిన సంఘటనను చెబుతాయి: నీట మునిగినవారు 34, హత్యకు గురైనవారు ఏడుగురు, పిచ్చికుక్క కరిచినవారు ఒకరు, వీధిలో పడి చనిపోయినవారూ ఆకలితో పోయినవారూ కలిపి ఆరుగురు. ఇలా విడదీస్తే, జబ్బు అని నిజంగా పిలవదగ్గవి పట్టికలో ఎంత భాగమో తెలుస్తుంది.

వయసును చెప్పే పద్దుల దగ్గర తప్పక ఆగాలి. పసికందులు 2,268, మృతశిశువులూ గర్భస్రావాలూ 445, పళ్ళు 470, ఫిట్లు 241. ఫిట్లలో ఎక్కువ భాగం పిల్లలవే. ఈ నాలుగింటినీ కూడితే 3,424. అంటే మొత్తంలో సుమారు 36 శాతం. గుండీలు, దారాల వంటి సరుకులు అమ్మే జాన్ గ్రాంట్ అనే లండన్ వ్యాపారి ఇరవై ఏళ్ల పట్టికలను కూడి, 1662లో ప్రచురించిన పరిశీలనలో పుట్టిన ప్రతి 100 మందిలో 36 మంది ఆరేళ్ల లోపే పోతారని అంచనా వేశాడు. పన్ను రావడం వల్ల బిడ్డ చనిపోదు. పన్ను వచ్చే వయసులో బిడ్డ తల్లిపాలతోపాటు ఇతర ఆహారానికీ, ఊరి నీటికీ అలవాటు పడుతూ విరేచనాలకూ జ్వరాలకూ గురవుతుంది. చూసిన స్త్రీ ఉబ్బిన చిగుళ్ళను చూసి, చూసినదే చెప్పింది. ప్రసవంలోనూ బాలింతగానూ పోయినవారు 171 మంది. బాప్తిస్మాలతో పోల్చితే ప్రతి 56కు ఒక తల్లి. ఒక స్త్రీకి ఐదారు కాన్పులు సామాన్యమైన ఆ కాలంలో ఈ సంఖ్య ఎంత బరువైనదో గుర్తుంచుకోవాలి.

ఇక్కడే మరొక పొరపాటును నివారించుకోండి. అప్పటి ఇంగ్లండులో సగటు ఆయుర్దాయం నలభై ఏళ్లు కూడా ఉండేది కాదని చదివి, నలభైకే అందరూ ముసలివారయ్యేవారని చాలామంది రాస్తారు. బిడ్డల మరణాలే ఆ సగటును కిందికి లాగాయి. అదే పట్టికలో ముసలితనం వల్ల పోయినవారు 628 మంది ఉన్నారు.

తరువాత పేర్ల సంగతి. క్షయ కింద 1,797 మంది ఉన్నారు, దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. వీరిలో ఎక్కువమందికి ఊపిరితిత్తుల క్షయే అయి ఉండవచ్చు, కాని ఆ స్త్రీలు చూసింది చిక్కి శల్యమైన శరీరాన్ని మాత్రమే. మధుమేహం, కేన్సరు, సుఖవ్యాధులు కూడా మనిషిని అలాగే చిక్కిస్తాయి. సుఖవ్యాధికి పట్టికలో వేరే పద్దు ఉన్నా అందులో చేరినవారు 12 మందే. పరువు కోసం ఇంటివారు శవాన్ని చూసే ఆ స్త్రీలకు రుసుము రెట్టింపు చేసి ఇస్తే, ఆ మరణాలు క్షయలోకి మారిపోయేవని గ్రాంటే అనుమానించాడు. కాబట్టి మీ వ్యాసంలో క్షయతో 1,797 మంది చనిపోయారని రాయకండి. క్షయగా నమోదైనవారు 1,797 మంది అని రాయండి. ఈ చిన్న తేడా వ్యాసాన్ని నిజాయితీగా నిలబెడుతుంది.

గ్రహపాటు అని 13, దుఃఖం అని 11, ఊపిరితిత్తులు పైకి తన్నుకురావడం అని 98 కనిపిస్తాయి. మొదటిది హఠాత్తుగా కుప్పకూలినవారిని సూచిస్తుంది; వారిలో పక్షవాతం, గుండెపోటు ఉండవచ్చు. మూడవది గొంతులో ఏదో పైకెక్కి ఊపిరాడని స్థితి. వీటికి ఒకే నేటి పేరు పెట్టలేము, పెట్టనవసరమూ లేదు. దుఃఖంతో చనిపోయారన్న పదకొండుమంది విషయంలో, ఆ ఇంటివారు అలా చెప్పారనీ, చూసిన స్త్రీ, గుమాస్తా, సంఘం దానిని అంగీకరించి అచ్చువేశారనీ గ్రహించాలి. అది ఆ సమాజం శరీరాన్నీ మనసునూ ఎలా చూసిందో చెప్పే ఆధారం. 38 మంది చనిపోయిన రాజుగారి వ్యాధిని తెలుగులో రాచపుండు అనీ రాజయక్ష్మ అనీ రాయవద్దు. అది మెడ గ్రంథులకు సోకే క్షయ, మనవారు గండమాల అన్నది. రాజు చేతి స్పర్శతో అది నయమవుతుందని ఇంగ్లండులో గాఢంగా నమ్మేవారు. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ తన పాలనలో వేలాదిమందిని అలా తాకాడు. ఆ ఆచారాన్ని పాటించిన చివరి పాలకురాలు 1714లో మరణించిన రాణి ఆన్.

ప్లేగు సంవత్సరాల పట్టికలను చదివేటప్పుడు ప్లేగు పద్దును ఒక్కదానినే నమ్మకూడదు. 1665లో మొత్తం ఖననాలు 97,306. ప్లేగుగా నమోదైనవి 68,596. మిగిలినవి 28,710. అంతకుముందు సంవత్సరం, ప్లేగు దాదాపు లేనప్పుడు, ఖననాలు సుమారు 18,000. అంటే ఇతర కారణాల కింద పదివేలకు పైగా మరణాలు అదనంగా కనిపిస్తున్నాయి. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ప్లేగు అని తేలితే తలుపుపై ఎర్ర శిలువ గీసి, ఆరోగ్యవంతులతో సహా ఇంటిల్లిపాదినీ నలభై రోజులు లోపల బంధించేవారు. అందువల్ల దాచడానికి ప్రతి కుటుంబానికీ ప్రాణావసరం ఉండేది. నాటి లండన్ శ్మశానంలో తవ్వితీసిన అస్థిపంజరాల పళ్ళలో ప్లేగు బాక్టీరియా డీఎన్ఏ ఉన్నట్టు 2016లో ప్రకటించారు కాబట్టి, వ్యాధి ఏమిటన్న విషయంలో సందేహం లేదు.

చికిత్సల గురించి చదివేటప్పుడు, ఆ వైద్యుడు శరీరంలోంచి ఏమి బయటికి పంపాలనుకుంటున్నాడన్న ప్రశ్న వేసుకోండి. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాల సమతూకమే ఆరోగ్యమని వారి సిద్ధాంతం. రక్తం తీయడం, విరేచనాలు చేయించడం, వాంతి చేయించడం, చర్మంపై బొబ్బలెక్కించడం ఆ ఆలోచన నుంచి వచ్చినవే. మన వాత పిత్త కఫాలను దీనిపై నేరుగా పరచకండి. లెక్క వేరు, వాటి పనిగురించిన ఊహ వేరు. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే రక్త ప్రసరణను వివరించినా వైద్యం వెంటనే మారలేదు. 1685 ఫిబ్రవరి 2న రెండవ చార్లెస్ కుప్పకూలినప్పుడు, దేశంలోని పేరున్న వైద్యులు గుమిగూడి రక్తం తీశారు, వాంతి మందులూ విరేచన మందులూ ఇచ్చారు, తల గొరిగి బొబ్బలెక్కించారు, మనిషి పుర్రెనుంచి తీసిన ద్రావకం కూడా తాగించారు. నాలుగు రోజులకు ఆయన మరణించాడు. వారిది నిర్లక్ష్యం కాదు. తమకు తెలిసినదంతా చేశారు.

రాజుకు జరిగింది ప్రజలకు జరిగిందనుకోకూడదు. 1518లో స్థాపితమైన వైద్యుల కళాశాల సభ్యులు కొద్దిమంది, వారి రుసుము ఎక్కువ. క్షురకులూ శస్త్రవైద్యులూ 1540 నుంచి ఒకే సంఘంగా ఉండేవారు. మందులు కలిపి అమ్మేవారు 1617లో పచారీ వర్తకుల నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. పేదలకు, పల్లెవారికి వైద్యం చేసింది చాలావరకు ఇంటి ఆడవారూ మంత్రసానులూ ఇరుగుపొరుగువారూ. వారి చేతిరాత మందుల పుస్తకాలు అనేకం నేటికీ నిలిచి ఉన్నాయి. ఒకే పుటలో ఊరగాయ తయారీ, దగ్గుమందు కనిపించే ఆ పుస్తకాలను తప్పక చూడండి.

మరణ పట్టిక చనిపోయినవారినే చెబుతుంది, బతికినవారిని చెప్పదు. 1632లో మూత్రాశయపు రాయికి కోత వల్ల చనిపోయినవారు ఐదుగురు. దాని పక్కన, దినచర్య పుస్తకంతో పేరొందిన లండన్ అధికారి శామ్యూల్ పెపిస్‌ను ఉంచి చూడండి. మత్తుమందు లేని కాలంలో, 1658 మార్చి 26న, కాళ్ళూ చేతులూ కట్టించుకుని కోత చేయించుకున్న ఆయన మరో నలభై ఐదేళ్లు జీవించాడు, ఆ తేదీని ఏటా విందుతో జరుపుకోవాలని తీర్మానించుకున్నాడు. చలిజ్వరానికి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సింకోనా బెరడు నిజంగా పనిచేసింది. 1721 నుంచి మశూచికి టీకా పూర్వపు పద్ధతిలో పుండు రసాన్ని ఎక్కించడం మొదలైంది.

చెన్నైలో ఉన్నవారికి ఒక అదనపు వసతి ఉంది. సెయింట్ జార్జ్ కోటలో 1680లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో, నేటి లా కాలేజీ ప్రాంతంలోని పాత శ్మశానం నుంచి తరలించిన సమాధి రాళ్ళు పరచి ఉన్నాయి. వాటిలో 1652 నాటిది కూడా ఉంది. సచివాలయం ఉన్న చోటు కాబట్టి గుర్తింపు కార్డు తీసుకుని పగటిపూట వెళ్ళండి, ఫొటోలకు ముందుగా అనుమతి అడగండి. ప్రతి రాతిపై పేరు, వయసు, మరణ తేదీ, భాష రాసుకోండి. ఆనాటి పట్టిక ఒక్కొక్కరి వయసు చెప్పదు, రాయి సాధారణంగా జబ్బు చెప్పదు. రెండూ కలిపి చదివితేనే అవగాహన పెరుగుతుంది. రాయి చెక్కించగలిగినవారు కలవారు మాత్రమేనని కూడా నమోదు చేసుకోండి.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. 1752కు ముందు ఇంగ్లండులో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. చార్లెస్ మరణించిన ఫిబ్రవరి ఆనాటి కాగితాల్లో 1684గా కనిపించవచ్చు. కాబట్టి జనవరి నుంచి మార్చి 24 వరకు ఉన్న ఏ తేదీకైనా మీ నోటు పుస్తకంలో రెండు సంవత్సరాలూ రాయండి. ఒక వరుసలో పట్టికలోని మాటను ఉన్నదున్నట్టుగా, రెండవ వరుసలో చూసినవారికి ఏమి కనిపించి ఉంటుందో, మూడవ వరుసలో మీ ఊహను పెన్సిల్‌తో రాసుకోండి. 1632 పట్టికను ఇలా పూర్తిచేశాక, 1665 సెప్టెంబరు వారపు పట్టికలను ముందు పెట్టుకుని, ప్లేగు కాని పద్దుల్లో ఏవి ఒక్కసారిగా పెరిగాయో వెతకడం మొదలుపెట్టండి.