స్టార్ పెట్టినా సైట్ రావడం లేదా? ముందు చుక్క చూడండి

కర్నూలు కాలేజీ ల్యాబ్ అయినా, కడప నెట్ సెంటర్ అయినా ఫిర్యాదు ఒకటే: అన్ని సైట్లూ మూసి ప్రభుత్వ సైట్లు మాత్రమే వదిలాం, ‘*.ఏపీ.గవ్.ఇన్’ అని రాశాం, అయినా పేజీ తెరుచుకోదు.

సెట్టింగు మీద చెయ్యి వేసే ముందు ఆగిన అడ్రసేదో చూడండి. ఇదొక్కటే ఎవరూ చూడరు! క్రోమ్‌లో అయితే అడ్రస్ బార్, స్క్విడ్ (ల్యాబ్ నెట్‌కు మధ్యలో కూర్చుని సైట్లను వడపోసే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్)లో అయితే యాక్సెస్ లాగ్‌లో ‘టీసీపీ_డినైడ్’ (అడ్డుకున్నాం) అని ఉన్న లైను. అడ్రసును కుడి నుంచి ఎడమకు చదవండి. ‘ఏపీ.మీసేవ.గవ్.ఇన్’ మొదట్లో ఏపీ ఉన్నా తోక మీసేవది. ఏపీ.గవ్.ఇన్ లైను దానికి వర్తించదు, విడిగా రాయాల్సిందే.

అడ్రసు సరైనదే అయితే ఇక అసలు దొంగ ముందున్న చుక్క. స్క్విడ్‌లో సైట్ల పేర్లు రాసే ‘డీఎస్‌టీడొమైన్’ లిస్టులో ‘.ఏపీ.గవ్.ఇన్’ అంటే ఆ డొమైనూ, దాని కింది సబ్‌డొమైన్లన్నీ (ముందు మరో పేరు చేరిన అడ్రసులు). చుక్క తీసేస్తే ఆ ఒక్క హోస్టే, అంటే అచ్చంగా ఆ పేరే. క్రోమ్‌లో వదలాల్సిన సైట్లు రాసే ‘యూఆర్ఎల్ అలౌలిస్ట్’ పాలసీలో సరిగ్గా తలకిందులు: చుక్క లేకుంటే సబ్‌డొమైన్లతో సహా, చుక్క ఉంటే ఆ ఒక్క హోస్టే. స్క్విడ్ లిస్టును తెచ్చి క్రోమ్‌లో అతికిస్తే ఎర్రర్ రాదు, పాలసీ పేజీలో లిస్టు చక్కగా కనిపిస్తుంది. ఇంటర్ ఫలితాల రోజున ‘రిజల్ట్స్‌బీఐఈ.ఏపీ.గవ్.ఇన్’ మాత్రం తెరుచుకోదు. స్టార్ సంగతంటారా, ఈ రెండు చోట్లా డొమైన్ ముందు ‘*.’ పనిచేయదు. క్రోమ్‌లో ఒంటరి ‘*’ అంటే అన్ని సైట్లూ అని. బ్లాక్‌లిస్టులో రాసేది అదే.

స్క్విడ్‌లో ‘.ఏపీ.గవ్.ఇన్’ ఒక్కటే ఉంచండి. పక్కనే ‘బీఐఈ.ఏపీ.గవ్.ఇన్’ కూడా రాస్తే ఇది దాని సబ్‌డొమైనే కదా అని గొడవ చేస్తుంది. సెట్టింగును సరిచూసే ‘స్క్విడ్ -కె పార్స్’ కమాండ్ కొట్టి, తప్పులేమీ చూపకపోతేనే దాన్ని అమలు చేసే ‘స్క్విడ్ -కె రీకాన్ఫిగర్’. క్రోమ్‌లో చుక్క తీసేసి, ‘క్రోమ్://పాలసీ’లో రీలోడ్ నొక్కండి. పరీక్షించేటప్పుడు మెయిన్ పేజీతో సరిపెట్టకుండా ఒక సబ్‌డొమైన్, రాకూడని సైటు ఒకటి తెరిచి చూడండి.

మిగతావి అరుదు. క్రోమ్ లిస్టులో ముందు ‘హెచ్‌టీటీపీ://’ అని రాసి ఉంటే హెచ్‌టీటీపీఎస్ పేజీలు రావు, అది చెరిపేయండి. రెగెక్స్ (అక్షరాల నమూనాతో అడ్రసులను పోల్చే) లిస్టులో చుక్క అంటే ఏ అక్షరమైనా అని, దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. విండోస్ ప్రాక్సీ మినహాయింపుల్లో (ప్రాక్సీ గుండా వెళ్లనక్కర్లేని అడ్రసుల లిస్టు) ‘*.’ పనిచేస్తుంది, కాకపోతే అడ్రసుల మధ్య కామా కాదు, సెమీకోలన్.