కొత్త ఆల్చిప్ప జాతిని నిర్ధారించే పద్ధతి

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట దొరికిన ఆల్చిప్ప తెలిసిన ఏ వర్ణనకూ సరిపోకపోతే, ముందుగా చిన్నవీ పెద్దవీ కలిపి పలు నమూనాలు సేకరించి, ఒక్కొక్కదాని కండ ముక్కను 95 శాతం ఇథనాల్‌లో భద్రపరచాలి. ఫార్మలిన్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. రంగును నమ్మకూడదు, అది ఒకే జాతిలోనూ మారుతుంది. చిప్ప లోపలి కీలు పళ్ల అమరికను, కండరాల మచ్చలను, మాంటిల్ అనే మెత్తటి పొర అంటుకున్న గీత లోపలికి ఎంత వంగిందో సూక్ష్మదర్శినితో పరిశీలించి, దగ్గరి జాతులకు పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన మూల నమూనాలతో పోల్చాలి. తరువాత కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండి, జాతుల గుర్తింపుకు వాడే సీఓఐ జన్యువులో సుమారు 658 క్షార జంటల (డీఎన్‌ఏ అక్షరాల) భాగాన్ని చదివించి, అందరికీ అందుబాటులో ఉన్న డీఎన్‌ఏ భాండాగారం జెన్‌బ్యాంక్‌లోని వరుసలతో సరిచూడాలి. అయితే కొన్ని ఆల్చిప్పల్లో మగవాటికి తండ్రి మైటోకాండ్రియా కూడా సంక్రమించి, ఒకే జాతి రెండు జాతుల్లా కనిపించవచ్చు కనుక, కేంద్రకంలోని 28ఎస్ జన్యువు కూడా అదే తేడా చూపేదాకా కొత్త పేరు పెట్టకూడదు.