రొయ్యల కంటైనర్‌లో తలుపు దగ్గర పెట్టెలు మెత్తబడుతుంటే: నా అనుభవం

శ్రీకాకుళం నుంచి విశాఖ పోర్టుకు ఫ్రోజెన్ వనామీ పంపేవాళ్లు తరచూ అడిగేదే: అవతల దేశంలో కంటైనర్ తెరిస్తే తలుపు దగ్గరి పెట్టెలు మెత్తబడి, రొయ్యలు ముద్ద కట్టి ఉంటాయి. సెట్టింగ్ మైనస్ 22కి దించాం, అట్టపెట్టెలు మార్చాం, కంటైనర్ మార్చాం, లాభం లేదు.

పనిచేసింది లోడింగ్ పద్ధతి. రీఫర్, అంటే ఈ చల్లబరిచే కంటైనర్, ఉన్న చల్లదనాన్ని కాపాడుతుందే తప్ప మెత్తబడిన సరుకును మళ్లీ గడ్డ కట్టించదు, అందుకని ముందు కోల్డ్ స్టోరేజ్‌లోనే ప్రోబ్ (సరుకులోకి గుచ్చే థర్మామీటర్) పెట్టి చూసి, మైనస్ 18 లేదా అంతకన్నా తక్కువ ఉన్న పెట్టెలే బయటికి తీయించాం. మా దగ్గర సీల్ ఉన్న డాక్ (బయటి గాలి దూరకుండా కంటైనర్ తలుపుకు అతుక్కునే లోడింగ్ గట్టు) లేదు కాబట్టి కంటైనర్‌ను ముందే చల్లబరచడం మానేసి, తలుపులు తీసేముందు చల్లబరిచే యూనిట్ ఆపేశాం. లేదంటే మన ఉక్కగాలి లోపలికెళ్లి యూనిట్ కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. బయటి గాలి వచ్చే వెంట్ పూర్తిగా మూయించాం. పెట్టెలు పైన ఎర్రగీత (లోపలి గోడ మీద లోడింగ్ హద్దు గుర్తు) దాటనివ్వలేదు, కింద టీ-బార్లు (గాలి పారేందుకు నేల మీదుండే పట్టీలు) ఎక్కడ అయిపోతాయో అక్కడే ఆపేశాం. చల్లగాలి నేలమీంచి వచ్చి తలుపు దగ్గర పైకి లేవాలి కదా, కుర్రాళ్లు "ఇంకో వరస పట్టేస్తాది సార్" అంటారు, ఒప్పుకోకండి. తలుపు మూయగానే జెన్‌సెట్ (కంటైనర్‌కు కరెంటిచ్చే జనరేటర్) మీద యూనిట్ ఆన్.

ఆ తర్వాత ఫిర్యాదు రాలేదు. అన్నీ ఒకేసారి మార్చాం గనక ఏది అసలు మందో చెప్పలేను, నా అనుమానం మాత్రం టీ-బార్ల మీదే. మామిడికి ఇదే పద్ధతి పెట్టకండి, పండు ఊపిరి తీసుకుంటుంది, దానికి గాలి మారాలి.