కార్బన్ ఫోర్క్‌లో ప్లగ్, స్టెమ్ ఎలా బిగించాలి

అన్నిటికంటే ముందు ఒక్క మాట: సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కార్బన్‌ది అయితే, దాని గొట్టంలోకి స్టార్ నట్‌ని (పళ్లున్న నట్టు) సుత్తితో దించకండి. స్టీలు, అల్యూమినియం గొట్టాల్లో దాని పళ్లు లోపలి గోడని కరుచుకుని నిలబడతాయి, కార్బన్‌లో అయితే పొరల్నే కోసేస్తాయి, పైకేమో ఏమీ కనిపించదు.

దీనికి వాడాల్సింది ఎక్స్‌పాండర్ ప్లగ్, అంటే గొట్టం లోపల పెట్టి బిగిస్తే వెడల్పయి గోడని పట్టుకునేది. అది టాప్ క్యాప్ (గొట్టం పైన మూత) బోల్ట్‌కి పట్టు ఇవ్వడానికే అనుకుంటారు చాలామంది, కానీ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్ గొట్టానికి కలిపే ముక్క) బయటనుంచి నొక్కుతున్నప్పుడు లోపలినుంచి గోడకి ఆసరా ఇచ్చేది కూడా అదే. కాబట్టి ప్లగ్ సరిగ్గా స్టెమ్ పట్టుకునే చోటే ఉండాలి, వీలైతే పొడుగు ప్లగ్ తీసుకోండి.

స్టీరర్ (ఫోర్క్ పైన ఉండే ఆ గొట్టం) కోయాల్సి వస్తే గీత చుట్టూ టేపు అంటించి, సన్న పళ్ల బ్లేడ్‌తో, గైడ్ పెట్టి, తడి చేస్తూ కోయండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి. స్టెమ్ పైన 5 మిల్లీమీటర్ల స్పేసర్ (రింగు) ఒకటి ఉంచి, స్టీరర్ అంచు ఆ స్పేసర్ పైఅంచుకి సుమారు 3 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా చూసుకుంటే, స్టెమ్ మొత్తం ఎత్తూ కార్బన్ మీదే కూర్చుంటుంది.

ప్లగ్ పెట్టేముందు గొట్టం లోపల ఆల్కహాల్‌తో తుడవండి. ప్లగ్ బయటివైపు గ్రీజు అసలు రాయొద్దు, రాస్తే జారిపోతుంది. ప్లగ్‌కి ఎంత టార్క్ (తిప్పి బిగించే బలం) ఇవ్వాలో దాని కాగితంలో ఉంటుంది, అంతే ఇవ్వండి.

ఇప్పుడు స్టెమ్. దాని లోపలి అంచుల మీద వేలు పెట్టి తిప్పి చూడండి, ఎక్కడైనా గరుగ్గా తగిలితే సన్న ఎమరీ పేపర్‌తో రుద్దేయండి. నా పాత ఫోర్క్‌కి ఈ పని చేయలేదు. ఏడాది తర్వాత స్టెమ్ తీస్తే సరిగ్గా ఆ అంచు కింద వెంట్రుకంత తెల్లటి గీత, గోరు పెడితే ఆగుతోంది. ఆ ఫోర్క్‌ని ఆ రోజే పక్కన పెట్టేశాను.

స్టెమ్ బోల్ట్‌లు వదులుగా ఉంచి, టాప్ క్యాప్‌ని కొద్దికొద్దిగా తిప్పండి. ముందు బ్రేక్ పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ, హెడ్‌సెట్ (ఫోర్క్ తిరిగే బేరింగ్‌లు) అతుకు మీద వేలు ఆనిస్తే ఆట, అంటే వదులు, ఉందో లేదో వేలికే తెలిసిపోతుంది. ఆట పోయి, హ్యాండిల్ ఇంకా తేలిగ్గా తిరుగుతుంటే అక్కడే ఆపేయండి. ఆ తర్వాతే స్టెమ్ బోల్ట్‌లని ఒకటి మార్చి ఒకటి, పావు చుట్టు చొప్పున, టార్క్ రెంచ్‌తో బిగించండి. చాలా స్టెమ్‌ల మీద 5 న్యూటన్ మీటర్లని రాసి ఉంటుంది, ఫోర్క్ తయారీదారు అంతకంటే తక్కువ చెబితే ఆ తక్కువే లెక్క. చేతి అంచనాని నమ్మొద్దు, అలెన్ కీ కాస్త పొడుగైనా చాలు, తెలియకుండానే దాటేస్తాం.

ఒకటి రెండు రైడ్‌ల తర్వాత బోల్ట్‌లు మళ్లీ చూసుకోండి. మధ్యలో ఎప్పుడైనా కిర్రుమని చప్పుడొస్తే బోల్ట్‌ని ఇంకో చుట్టు బిగించి సరిపెట్టకండి. స్టెమ్ పూర్తిగా ఊడదీసి, లైట్ వేసి, గొట్టం చుట్టూ గోరుతో తడిమి చూడండి.