ముఖం ఎర్రబడింది, తప్పు క్రీముదేనా?

పర్లాకిమిడిలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడి నాకు పదహారేళ్లవుతోంది. ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, కొంగు బుగ్గకి అడ్డం పెట్టుకుని వచ్చేవాళ్లు పెరుగుతారు. "ఈ క్రీము పడలేదమ్మా, ఇంకోటియ్యి" అంటారు. ఇంకోటి ఇవ్వడానికి నాకు మనసొప్పదు. ముందు మూడు మాటలు అడుగుతాను. ఎక్కడ మొదలైంది? రాసిన ఎంతసేపటికి? మానేస్తే ఏమవుతోంది? నిజంగా క్రీముదే తప్పో కాదో ఈ మూడు జవాబుల్లోనే చాలావరకు తేలిపోతుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. మన చామనఛాయ మీద ఎరుపు టమాటాలా కనబడదు. రాగి రంగులోనో, కమిలినట్టు నల్లగానో ఉంటుంది. అందుకే "ఎర్రగా లేదు కదా" అని వదిలేయకండి. చేత్తో తాకితే వేడిగా ఉందా, మండుతోందా, చర్మం బిగుసుకుందా అన్నది చూడండి.

రాసిన వెంటనే మంట, చురచుర

ఇది అలర్జీ కాకపోవచ్చు. ఎక్కువసార్లు చర్మం ఒరుసుకుపోవడమే. రోజుకి మూడుసార్లు ఫేస్‌వాష్, వారానికి నాలుగుసార్లు స్క్రబ్, పైన గ్లైకోలిక్ యాసిడ్ సీరమ్, రాత్రికి రెటినాల్ (విటమిన్ ఏ రకం) క్రీము. ఒక్కొక్కటీ మంచిదే, అన్నీ కలిపి ఒకే ముఖం మీద పడితే పైపొర తట్టుకోలేదు. ఒంటి సబ్బుతో ముఖం కడిగినా ఇంతే. మన చర్మం కాస్త పులుపు గుణంతో, సుమారు 5 పీహెచ్‌తో ఉంటుంది. మామూలు సబ్బు 9, 10 దాకా ఉంటుంది, అంటే పులుపుకి ఎదురైన క్షారగుణం. ఇక నిమ్మకాయ, టూత్‌పేస్ట్ చిట్కాలు చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి నల్ల మచ్చ పడుతుంది, అది నెలల తరబడి పోదు.

చెయ్యాల్సింది: రెండు వారాలు అన్నీ ఆపండి. నీళ్లతో కడుక్కుని, తడి ఆరకముందే వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాయండి. తగ్గాక ఒక్కొక్కటే, వారం వారం ఎడంతో మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు ఏది చురుక్కుమనిపిస్తోందో మీకే తెలిసిపోతుంది. రెటినాల్ అయితే వారానికి రెండు రాత్రులు, శనగగింజంత చాలు. కడుపుతో ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

రాసిన రోజు ఏమీ లేదు, రెండోరోజు దురద, పొట్టు

ఇది అలర్జీ. తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లో లేస్తుంది కాబట్టి జనం తప్పు వస్తువుని పట్టుకుంటారు. ఆదివారం రాసింది మంగళవారం లేస్తే, సోమవారం రాసినదాన్ని తిడతారు. "ఆరేళ్లుగా వాడుతున్నదే కదా, ఇప్పుడెందుకు పడదు?" అని అడుగుతారు. పడకపోవచ్చు. శరీరం ఒక వస్తువుని ఎప్పుడైనా శత్రువుగా గుర్తుపెట్టుకోగలదు, ఆ తర్వాత కొంచెం తగిలినా ఊరుకోదు. ఎక్కువగా పట్టుబడేవి సువాసన కోసం కలిపేవి, పాడవకుండా కలిపేవి. అట్ట మీద ఆయుర్వేదిక్ అని ఉన్నా సువాసన సువాసనే.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది. అనుమానం ఉన్న క్రీముని మోచేతి మడతకి లోపలి పక్క, రూపాయి బిళ్లంత మేర, రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు రాయండి. అక్కడ దురద, ఎరుపు వస్తే అదే దొంగ. ఫేస్‌వాష్, స్క్రబ్ లాంటి కడిగేసేవాటికి ఈ పరీక్ష పనికిరాదు, అలా వదిలేస్తే ఎవరికైనా మండుతాయి. తేలకపోతే చర్మం డాక్టరు వీపు మీద పట్టీలు అంటించి 48 గంటలకి, 96 గంటలకి చూసే ప్యాచ్ టెస్ట్ ఉంది.

రాసినన్నాళ్లు బాగుంటుంది, మానేస్తే మండిపోతుంది

నేను రాయాలని కూర్చున్నది అసలు దీని గురించే.

కాశీనగర్ నుంచి ఒకమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. పెళ్లి నెలన్నరలో ఉంది. "రాసినంతకాలం తెల్లగా బాగుంతాది అక్కా, రెండ్రోజులు మానేత్తే మండిపోతాది. పొయ్యి దగ్గర నిలబడలేకపోతన్నాను" అంది. వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. బుగ్గల మీద చర్మం ఉల్లిపొరలా పల్చబడి మెరుస్తోంది. దాని కింద సన్నని ఎర్ర దారాల్లా నరాలు. వేలితో నొక్కితే తెల్లబడి, తియ్యగానే మళ్లీ ఎరుపు నిండింది. గడ్డం మీద నూగు వెంట్రుకలు, చుట్టూ చిన్న చిన్న పొక్కులు. ఎనిమిది నెలలుగా ఏదో షాపులో ఎవరో ఇచ్చిన ట్యూబు రాస్తోంది. అట్ట మీద మూడు పేర్లు ఉన్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్. మూడోది స్టెరాయిడ్.

ఈ మందు చెడ్డది కాదు. డాక్టరు మంగు మచ్చలకి కొన్ని వారాలు రాసిస్తారు. దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాయడమే ప్రమాదం. స్టెరాయిడ్ రక్తనాళాలని బిగిస్తుంది, అందుకే రాయగానే ముఖం తేటగా, తెల్లగా కనబడుతుంది. ఆపగానే ఆ నాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుని ముఖం నిప్పులా మండుతుంది. ఆ మంట పడలేక మళ్లీ రాస్తారు. మనదేశంలో చర్మం డాక్టర్లకి ఇది ఎంత మామూలైపోయిందంటే, స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని దీనికో పేరే పెట్టారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా దొరుకుతూనే ఉన్నాయి. ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. అట్ట మీద ఎర్రటి నిలువు గీత ఉందంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. పేరు చివర సోన్, సాల్, లోన్ అని పలుకుతోందేమో చూడండి: బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్. చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లల చేత చదివించండి.

పరిష్కారం దగ్గర తొందరపడకండి. కోపంతో ఒక్కరోజులో విసిరికొడితే ముఖం వాచి, రసి కారేంతవరకూ వెళ్లవచ్చు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే బలం తక్కువ మందుకి మార్చి, రోజు విడిచి రోజు చేసి, వేరే మందులు తోడిచ్చి మాన్పిస్తారు. ఆ అమ్మాయిని శ్రీకాకుళం పంపాను. పూర్తిగా ఆపిన రెండోవారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఏడ్చింది. "పాత ట్యూబు ఒక్కసారి రాసుకోనా అక్కా?" అంది. వద్దమ్మా, చల్లటి తడిగుడ్డ వేసుకో, పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చెయ్యి అన్నాను. పెళ్లి ఫొటోల్లో బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి. ఏడు నెలలు పట్టింది, ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడి వండుతోంది. సన్నటి నరాలు కొన్ని ఇంకా ఉన్నాయి.

తామర మీద ఇదే ట్యూబు రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం పాకుతుంది. అంచు ఎత్తుగా, మధ్యలో తేటగా గుండ్రంగా ఉంటే స్టెరాయిడ్ జోలికి పోకండి.

తయారుచేసినవాళ్ల చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు లేకుండా సంతలో దొరికే డబ్బాలది ఇంకో భయం, పాదరసం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు వాడినవాళ్లకి కిడ్నీలు దెబ్బతినడం డాక్టర్లు గుర్తించారు. అలాంటివి రాస్తూ కాళ్లవాపు వచ్చినా, మూత్రం నురగగా పోతున్నా వెంటనే పరీక్ష చేయించుకోండి.

"నేను ఏ క్రీమూ రాయను" అన్నవాళ్లకి

చోటే చెబుతుంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత, చెవుల వెనక, కనురెప్పలు అయితే జుట్టు రంగు. అందులోని పీపీడీ అనే రంగు రసాయనం చాలామందికి పడదు. బొట్టు పెట్టుకునే చోట దురద, తర్వాత తెల్లమచ్చ అయితే స్టిక్కరు జిగురు. రెప్పలు మాత్రమే దురదగా ఉంటే గోళ్ల రంగుని కూడా అనుమానించండి, గోరు తెలియకుండానే కంటి దగ్గరికి పోతుంది.

పలాస, కాశీబుగ్గ పక్క జీడి పిక్కల పనికి వెళ్లేవాళ్లు తొక్కలోని రసం అంటిన చేత్తో చెమట తుడుచుకుంటారు. ఆ రసం తగిలినచోట కాలినట్టవుతుంది. పనిలోకి దిగేముందు చేతికి కొబ్బరినూనె రాసుకోవడం, తొడుగులు వేసుకోవడం, ముఖానికి వేరే గుడ్డ ఉంచుకోవడం మేలు.

పొలం గట్ల మీద తెల్లపూల వయ్యారిభామ మొక్క చూసే ఉంటారు. దాని పుప్పొడి, ఎండిన పొడి గాలిలో వచ్చి ముఖం మీద పడుతుంది. ఎండ వల్ల వచ్చే ఎరుపైతే గడ్డం కింద నీడచోటు, పైరెప్పలు, చెవి వెనక భాగం వదిలేస్తుంది. వయ్యారిభామది వాటినీ వదలదు, మెడ మడతల్లోకీ మోచేతి మడతల్లోకీ దిగుతుంది. ఏటేటా అదే కాలంలో వచ్చి, ఊరు మారితే తగ్గుతుంటే దీన్నే తలుచుకోండి. ముఖం కప్పుకోకుండా మొక్క పీకకండి, తగలబెట్టకండి.

ముక్కు పక్కల, కనుబొమల్లో జిడ్డు పొట్టుతో ఎరుపు, తలలో చుండ్రు కూడా ఉంటే రెండూ ఒకటే జబ్బు. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు తలకి వాడితే ముఖానికీ ఊరట. ఎండ, వేడి టీ, కారం తగలగానే బుగ్గలు, ముక్కు గుప్పున ఎర్రబడుతూ నెలల తరబడి పోకపోతే రొసేషియా కావచ్చు. ముప్ఫై దాటినవాళ్లలో ఎక్కువ. దానికి మందులున్నాయి, డాక్టరే రాయాలి.

ఆగకూడని ఎరుపు

బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుని, ముక్కు పక్క గీతలని వదిలేసిన ఎరుపుకి కీళ్లనొప్పులు, నోటిపూత, జ్వరం తోడైతే లూపస్ (శరీరం తన మీద తానే తిరగబడే జబ్బు) పరీక్ష చేయించాలి. ఒక బుగ్గే వాచి, వేడెక్కి, చలిజ్వరం వస్తే చర్మం లోపలికి ఇన్ఫెక్షన్ చేరిన జబ్బు కావచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. పెదాలు, నాలుక వాచి ఊపిరి అందకపోతే క్షణం కూడా ఆగకండి.

బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రిలో చర్మవిభాగం ఉంది, విశాఖ కేజీహెచ్‌లోనూ ఉంది. వెళ్లేటప్పుడు ముఖానికి, తలకి తగిలేవన్నీ ఒక కవర్లో వేసుకుపోండి. సబ్బు, నూనె, బొట్టు స్టిక్కర్ల అట్ట, ఇంట్లో మగవాళ్ల జుట్టు రంగు ప్యాకెట్టు కూడా. ఖాళీ అయిన ట్యూబుని పారేయకండి. చివర మడిచిపెట్టిన భాగం మీదే బ్యాచ్ నంబరు ఉంటుంది, మడత విప్పి తీసుకెళ్లండి.